మధ్యలో ఉన్న టేబుల్

మహాభారతం దగ్గర నా డేటాబేస్ మొదటిసారి ఆగిపోయింది.

మా నాన్న 2022 నవంబర్‌లో పోయారు. ఖమ్మం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆయన వదిలి వెళ్ళినవాటిలో లెక్కకొచ్చేవి ఐదు బీరువాల పుస్తకాలు. అక్క, బావ ఖమ్మంలో ఆ ఇంట్లోనే ఉంటారు. నేను కొండాపూర్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటాను, రాయదుర్గంలో ఉద్యోగం. సంవత్సరీకం అయిన కొన్నాళ్ళకి అక్క ఫోన్ చేసింది. నాలుగో బీరువాకి చెద పట్టిందట. "ముందు ఏవేం ఉన్నాయో లిస్టన్నా రాసుకుందాంరా" అంది.

ఒక ఎక్సెల్ షీటు సరిపోయేది. కానీ పదేళ్ళుగా నాకు అన్నం పెడుతున్నది రూబీ ఆన్ రైల్స్. చేతిలో సుత్తి ఉన్నవాడికి మేకు కనిపించకుండా ఉండదు కదా. చిన్న వెబ్ యాప్ చేస్తానన్నాను. ఒప్పందం ఏంటంటే, అక్క ఆదివారాలు ఒక్కో అర ఖాళీ చేసి, దుమ్ము దులిపి, అట్టనీ లోపలి పేజీనీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతుంది. నేను రాత్రిళ్ళు ఆఫీసు నుంచి వచ్చాక ఎక్కిస్తాను.

మొదటి రాత్రి రాసిన మైగ్రేషన్ నాకింకా గుర్తుంది. ఈ పని చేయనివాళ్ళకోసం: డేటాబేస్‌లో ఏ టేబుల్ ఉండాలో, దానికి ఏ గడులు ఉండాలో మార్చాలనుకున్నప్పుడల్లా ఒక చిన్న ఫైలు రాస్తాం. దాన్ని మైగ్రేషన్ అంటారు. ఫైలు పేరు ముందు అది పుట్టిన క్షణం పద్నాలుగు అంకెల్లో ఉంటుంది: సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. ఆ టైము మన టైము కాదు, యూటీసీ. అందుకని నేను రాత్రి పదకొండున్నరకి రాసినవన్నీ సాయంత్రం ఆరింటికి రాసినట్టు కనిపిస్తాయి. ఒకసారి నడిపించి అందరితో పంచుకున్న మైగ్రేషన్‌ని మళ్ళీ దిద్దకూడదనేది ఈ పనిలో నియమం. తప్పని తెలిస్తే, ఆ తప్పుని సరిచేసే కొత్త మైగ్రేషన్ రాయాలి. కాబట్టి ఆ ఫోల్డర్ ఓ డైరీ. మనకి ఏ విషయం ఎంత ఆలస్యంగా అర్థమైందో అందులో తేదీలతో సహా దొరుకుతుంది.

మొదటి మైగ్రేషన్‌లో రెండు టేబుల్స్: పుస్తకాలు, రచయితలు. ప్రతి పుస్తకం వరసలో రచయిత నంబర్ కోసం ఒక గడి. ఒక రచయితకి అనేక పుస్తకాలు, ఒక పుస్తకానికి ఒక రచయిత. ఇంకో గడి కూడా పెట్టాను, 'ఓనర్' అని. దాని సంగతి తర్వాత చెప్తాను.

చలం, కొడవటిగంటి, రంగనాయకమ్మ హాయిగా ఎక్కారు. రెండో ఆదివారం అక్క రెండో బీరువా తెరిచింది.

*

ఆంధ్ర మహాభారతానికి రచయిత ఎవరు? టెన్త్ క్లాసు పిల్లలు కూడా చెప్తారు, కవిత్రయమని. నా టేబుల్‌లో గడి ఒకటే ఉంది.

సరే, మా ఇంట్లో ఉన్నవి పర్వాలవారీగా విడి సంపుటాలే కదా, దేనికి దానికి పేరు పెడదామనుకున్నాను. ఆది, సభా పర్వాలకి నన్నయ. విరాటం నుంచి స్వర్గారోహణం దాకా పదిహేనింటికి తిక్కన. మధ్యలో అరణ్యపర్వం మిగిలింది. నాలుగో ఆశ్వాసం మధ్య దాకా నన్నయ రాసి ఆపేశాడు. మిగిలింది ఎఱ్ఱన పూరించాడు. నన్నయది 11వ శతాబ్దం, తిక్కనది 13, ఎఱ్ఱనది 14. కథలో రెండోచోట ఉన్నవాడు కాలంలో మూడోవాడు. పైగా ఎఱ్ఱన తను పూరించిన భాగాన్ని తన రాజైన ప్రోలయ వేమారెడ్డికి అంకితమివ్వలేదు. ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు, నన్నయే రాస్తున్నట్టుగా. ఇంత సంగతిని ఒక్క గడిలో ఎలా పెట్టను?

కొత్తగా చేరిన కుర్రాళ్ళు చేసే పనే నేనూ ఓ అరగంట ఆలోచించాను. 'రచయిత 2', 'రచయిత 3' అని ఇంకో రెండు గడులు. కానీ అదే అరలో భాస్కర రామాయణం ఉంది. భాస్కరుడు, మల్లికార్జున భట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు అని నలుగురిని చెప్తారు. అంటే 'రచయిత 4'. మిగతా వెయ్యి పుస్తకాలకీ ఆ గడులన్నీ ఖాళీగా పడుంటాయి. ఇక రెండో దారి, ఒకే గడిలో పేర్లన్నీ కామాలు పెట్టి రాసేయడం. అప్పుడు ఎఱ్ఱన పుస్తకాలు ఇంకేం ఉన్నాయని అడిగితే డేటాబేస్ సరిగ్గా చెప్పలేదు. నృసింహపురాణం, హరివంశం ఒకచోట, అరణ్యపర్వం కామాల మధ్య ఇంకోచోట ఉంటాయి.

ఇంజనీరింగ్ మూడో ఏడు డీబీఎంఎస్ క్లాసులో దీన్ని చదువుకున్నాం. ఉదాహరణ ఎప్పుడూ ఒకటే: ఒక స్టూడెంట్ అనేక కోర్సులు తీసుకోవచ్చు, ఒక కోర్సులో అనేకమంది స్టూడెంట్స్ ఉండొచ్చు. మెనీ టు మెనీ. రెండు డబ్బాలు గీసి, మధ్యలో డైమండ్ బొమ్మ గీస్తే మార్కులు పడేవి. ఆ డైమండ్ 1976లో పీటర్ చెన్ రాసిన పేపర్ నుంచి వచ్చిందని చాలా తర్వాత తెలిసింది. అందులో చెన్ చెప్పిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. డబ్బాలకే కాదు, డైమండ్‌కి కూడా తనవైన లక్షణాలు ఉండొచ్చు. స్టూడెంట్‌కి వయసుంటుంది, కోర్సుకి క్రెడిట్లు ఉంటాయి. మార్కులు మాత్రం స్టూడెంట్‌వీ కావు, కోర్సువీ కావు. ఆ ఇద్దరి మధ్య జరిగినదానివి.

మొదట్లో డేటాబేస్‌లకి కూడా ఇది కష్టంగానే ఉండేది. 1960లలో ఐబీఎం అపోలో కార్యక్రమం కోసం చేసిన ఐఎంఎస్‌లో సమాచారమంతా చెట్టులా ఉండేది. ఒక కొమ్మకి ఒకటే మాను. ఒకే నట్టు రెండు యంత్రాల్లో వాడితే దాన్ని రెండుచోట్లా రాసుకోవడమో, ఏదో మెలిక పెట్టడమో చేయాలి. 1970లో అదే ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ వేరే దారి చెప్పాడు. రిలేషనల్ అనే పేరు వినగానే టేబుల్స్ మధ్య గీసే గీతలే రిలేషన్లు అనుకుంటాం. నేను ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్ళ దాకా అలాగే అనుకున్నాను. కాడ్ ఆ మాటని గణితం నుంచి తెచ్చుకున్నాడు. ఆయన లెక్కలో రిలేషన్ అంటే టేబులే. ఎవరు ఎవరితో ముడిపడి ఉన్నారన్నది చెప్పాలంటే అది కూడా ఒక టేబులే, మిగతావాటితో సమానంగా. సంబంధాన్ని గాలిలో గీతలా వదిలేయకుండా, వరసలు వరసలుగా ఎక్కడో ఒకచోట రాసిపెట్టాల్సిందే.

ఆ రాత్రి మూడో టేబుల్ చేశాను. రైల్స్ సంప్రదాయం ప్రకారం దానికి సొంత పేరుండదు. రెండు టేబుల్స్ పేర్లనీ అక్షరక్రమంలో కలిపి పెడతారు: ఆథర్స్ బుక్స్. ఒక్కో వరసలో రెండే రెండు నంబర్లు, రచయితదొకటి, పుస్తకానిదొకటి. ఆ వరసకంటూ సొంత నంబర్ కూడా ఉండదు. మోడల్‌లో ఒక లైను రాస్తే చాలు, మిగతా పని రైల్స్ చూసుకుంటుంది. అరణ్యపర్వానికి రెండు వరసలు, భాస్కర రామాయణానికి నాలుగు. పడుకునేసరికి ఒంటిగంట అయింది, సంతోషంగానే పడుకున్నాను.

*

ఆ సంతోషం మహాప్రస్థానం దాకా ఉంది.

1950లో వచ్చిన మహాప్రస్థానానికి ముందుమాట, అందరికీ తెలిసిన యోగ్యతా పత్రం, చలం రాశాడు. ముందుమాట రాసినవాళ్ళ పేర్లు కూడా ఉండాలి కదా అని ఆయన్నీ కలిపాను. మర్నాడు చలం పేజీ తెరిచి చూస్తే, మైదానం పక్కన మహాప్రస్థానం కూడా ఆయన రచనగా కనిపించింది. నాన్న ఉంటే నన్ను బెంచీ ఎక్కించేవారు.

నా మధ్య టేబుల్‌కి ఇద్దరికీ ముడి ఉందని తెలుసు. ఏం ముడో తెలీదు. దానికి చెప్పడానికి చోటే ఇవ్వలేదు నేను.

మన పాతవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు. కావ్యంతో మనిషికి ఉండే ముడుల్లో ఒక్కోదానికి వాళ్ళ దగ్గర ఒక్కో మాట ఉంది. రాసినవాడు కృతికర్త, అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త. రాజరాజనరేంద్రుడు ఒక్క పద్యం రాయకపోయినా అరణ్యపర్వం వరసలో ఆయనకో చోటుంది. మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ కొంపెల్ల జనార్దనరావుకి ఇచ్చాడు. జనార్దనరావు లేకుండా ఆ పుస్తకాన్ని ఎలా నమోదు చేస్తాం? అలెక్స్ హేలీ 'రూట్స్'ని మా ఊళ్ళో హేలీ పుస్తకం అని ఎవరూ అనరు. అది 'ఏడు తరాలు', దాన్ని మనకిచ్చింది సహవాసి. ఇక తిరుపతి వేంకటకవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి 1920లోనే పోయారు. చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి ఆ తర్వాత 30 ఏళ్ళు బతికారు, ఒక్కరే రాసినవాటిని కూడా జంట పేరుతోనే వేశారు. అంటే పుస్తకం మీద ఉన్న పేరు ఒక సంగతి, రాసిన చెయ్యి ఇంకో సంగతి. ఆ తేడా మనిషి టేబుల్‌లో పట్టదు, పుస్తకం టేబుల్‌లోనూ పట్టదు. మధ్యలోనే పట్టాలి.

కాబట్టి ఇంకో మైగ్రేషన్. ఈసారి మధ్య టేబుల్‌కి సొంత పేరు పెట్టాను, సొంత నంబర్ ఇచ్చాను, 'పాత్ర' అనే గడి, 'పుస్తకం మీద పేరు' అనే గడి, 'ఏ భాగం' అనే గడి చేర్చాను. రచయితల టేబుల్ పేరు 'మనుషులు' అని మార్చాను. దాన్ని రైల్స్‌లో హ్యాస్ మెనీ త్రూ అంటారు, ఫలానాదాని ద్వారా అనేకం అని. ఈ సదుపాయం 2006లో వచ్చిన రైల్స్ 1.1తో వచ్చింది. అంతకుముందున్న పద్ధతిలో మధ్య టేబుల్ అనేది ఒకటుందని కోడ్ రాసేవాడికి గుర్తుకూడా రాదు. ఈ పద్ధతిలో మాత్రం దానికో పేరు వెతకాలి. ఆ పేరు దొరక్క మనం తన్నుకుంటున్నామంటే, ఆ సంబంధం ఏంటో మనకింకా తెలీదన్నమాట.

ఇది రాస్తుంటే నా పుస్తక సమీక్షలు గుర్తొస్తున్నాయి. ఫలానా కవి మీద శ్రీశ్రీ ప్రభావం ఉందని నేనే నాలుగైదుసార్లు రాసుంటాను. ఎప్పుడు చదివాడు, ఎవరిచ్చారు, ఏది నచ్చింది, దేనితో గొడవపడ్డాడు అన్నవి ఒక్కటీ లేవు. రెండు నంబర్లున్న ఉత్త వరస అది. చూడ్డానికి సంబంధం చెప్పినట్టే ఉంటుంది.

*

ఇక్కడ ఒక పాత తప్పు చెప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం మాదాపూర్‌లో వేరే కంపెనీలో ఉండగా డాక్టర్ల అపాయింట్‌మెంట్ల ప్రోడక్ట్ ఒకటి చేసేవాళ్ళం. ఒక డాక్టరు పొద్దున కూకట్‌పల్లి క్లినిక్‌లో, సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కూర్చుంటారు. ఒక క్లినిక్‌లో పదిమంది డాక్టర్లు. మధ్యలో రెండు నంబర్ల ఉత్త టేబుల్ ఉండేది. టైమింగ్స్, ఫీజు చేర్చాలన్నారు. కొత్త టేబుల్ చేసి, పాతదాంట్లోవి ఇందులోకి కాపీ చేసి, పాతదాన్ని తీసేయాలి. కాపీ చేసే స్క్రిప్టు విడిగా రాశాను. నడిపేటప్పుడు వరస తప్పాను. పాత టేబుల్ ముందు పోయింది.

కంగారుపడలేదు మొదట. మైగ్రేషన్‌కి వెనక్కి తిప్పే దారి ఉంటుంది కదా, రోల్‌బ్యాక్. కొట్టాను. టేబుల్ తిరిగొచ్చింది. అవే గడులు, అవే పేర్లు, అవే ఇండెక్సులు. లోపల ఒక్క వరస లేదు.

రోల్‌బ్యాక్ ఆకారాన్నే తిరిగి తెస్తుంది. అందులో ఉన్నవాటిని తేలేదు. ఈ సంగతి నాకు పుస్తకంలో చదివినట్టు తెలుసు, ఆ సాయంత్రం పొట్టలో తెలిసింది. రాత్రి తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి చాలామటుకు దక్కింది. ఆ రోజు పొద్దుట్నుంచీ ఎక్కించినవి మాత్రం పోయాయి. అవి వాటంతటవే వచ్చిన వరసలు కావు. సపోర్ట్ టీమ్‌లో ఒకమ్మాయి క్లినిక్‌లకి ఒక్కొక్కదానికీ ఫోన్ చేసి, రిసెప్షన్‌లో ఎవరో ఒకరిని బతిమాలి, ఏ డాక్టరు ఏ రోజు వస్తారో రాసుకుని ఎక్కించింది. మళ్ళీ రెండ్రోజులు కూర్చుని అవే ఫోన్లు చేసింది. మాకు జరిగిన మీటింగ్‌లో మైగ్రేషన్ల గురించి, బ్యాకప్‌ల గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయి మీటింగ్‌లో లేదు. ఆ వరసలు ఎవరు ఎక్కించారో రాసుకునే గడి కూడా మా టేబుల్‌లో లేదు.

*

మూడో బీరువా అడుగున అక్కకి ఒక లాంగ్ నోట్‌బుక్ దొరికింది. దొరికింది అని నేననుకున్నాను. అదక్కడ ఉందని తనకి ఎప్పట్నుంచో తెలుసు.

నాన్న అరువిచ్చిన పుస్తకాల చిట్టా అది. స్కేలుతో నిలువు గీతలు కొట్టి, పైన ఎర్ర సిరాతో రాసుకున్నారు: క్రమసంఖ్య, పుస్తకం, తీసుకున్నవారు, తేదీ, తిరిగి వచ్చిన తేదీ, గమనిక. మనుషులకీ పుస్తకాలకీ మధ్య టేబుల్. ప్రతి వరసకీ సొంత నంబర్, రెండు తేదీలు, ముడి ఏంటో చెప్పడానికి ఓ గడి. నాకు మూడు మైగ్రేషన్లు పట్టినదాన్ని ఆయన ఏ కంప్యూటరూ తెలీకుండా 1991లో మొదటి పేజీలోనే సరిగ్గా గీసుకున్నారు.

ఆ గమనికల కోసమే ఆ నోట్‌బుక్కుని అచ్చేయొచ్చు. 'చివరి అట్ట లేకుండా వచ్చినది.' 'చదవలేదు. చదివినట్టు మాట్లాడినాడు.' 'కూతురు పెళ్ళి. అడగరాదు.' ఏడు తరాలు ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందో, ఎవరి తర్వాత ఎవరి చేతిలోకి వెళ్ళిందో చూస్తే మా వీధి చరిత్ర తెలుస్తుంది. ఒక లెక్కల మాస్టారు పదిహేనేళ్ళలో తీసుకున్నవన్నీ చూస్తే ఆయనెలా మారుతూ వచ్చాడో తెలుస్తుంది, డిటెక్టివ్ నవలల్లోంచి కొడవటిగంటి మీదుగా మహాభారతం దాకా.

అక్క పేజీలన్నీ ఫొటోలు తీసి పంపింది. నేను వాటికో టేబుల్ చేసి, దాదాపు నెలరోజులు రాత్రిళ్ళు ఎక్కించాను. ఒకచోట నా పేరు తగిలింది. పేరు కాదు, 'చిన్నవాడు' అని ఉంది. పుస్తకం: అసమర్థుని జీవయాత్ర. తేదీ: 2005 ఆగస్టు, నేను ఇంజనీరింగ్‌లో చేరడానికి హైదరాబాద్ బస్సెక్కిన వారం. కొడుక్కి కూడా చిట్టా రాసుకున్నారు ఆయన. తిరిగి వచ్చిన తేదీ గడి ఖాళీ. హాస్టల్లో ఎవరికో ఇచ్చాను, వాడెవడో గుర్తులేదు. నాన్న ఒకసారి ఫోన్లో అడిగారు. "చూస్తా నాన్నా" అన్నాను.

డేటాబేస్‌లో ఖాళీ గడిని నల్ అంటాం. సున్నా కాదది, లేదని కూడా కాదు. తెలీదని అర్థం. ఆ వరసని అలాగే నల్‌తో ఎక్కించి పడుకున్నాను.

*

అంతా అయ్యాక అక్కకి లింకు పంపాను. ఓ గంటకి ఫోన్ వచ్చింది.

"బాగుందిరా. నాన్న చూస్తే ముచ్చటపడేటోడు." కాసేపు ఆగింది. "ఇదేంది, ప్రతి పుస్తకం కింద ఓనర్ అని నీ పేరుంది?"

"అది డిఫాల్ట్ అక్కా. ఏమీ ఇవ్వకపోతే మొదటి యూజర్ పేరు పడుతుంది. మొదటి యూజర్‌ని నేనే కదా."

"ఏమీ ఇవ్వకపోతే నీ పేరు పడుతదా?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవడానికి అడిగినట్టుంది. "మార్చేస్తాలే, రెండు నిమిషాల పని" అన్నాను. "మారుద్దువులే, పని చూసుకో" అని పెట్టేసింది. ఆ తర్వాతి ఆదివారం ఫొటోలు రాలేదు. దాని తర్వాతి ఆదివారం కూడా రాలేదు.

ఆ గడి మొదటి రాత్రి రాసిన మైగ్రేషన్‌లోనే ఉంది. డీఫాల్ట్ ఒకటి, అంటే నేను. పుస్తకానికి ఓనర్ ఒకడే ఉంటాడని రాశాను, వాణ్ణి నేనే అనుకుని రాశాను. ఆలోచించి రాయలేదని అనొచ్చు. డీఫాల్ట్ అంటేనే ఆలోచించకుండా వచ్చేది కదా. ఆ పుస్తకాలు ఇప్పుడున్న ఇంట్లో, వాటికి వేపాకు పెడుతూ, చెద చూసుకుంటూ ఉన్న మనిషి తను. నేను వాటిలోంచి ఒకటి తీసుకెళ్ళి పోగొట్టినవాణ్ణి.

ఏం చేయాలో తోచక నోట్‌బుక్ ఫొటోలు మళ్ళీ తెరిచాను. ఈసారి ఎక్కించడానికి కాదు కాబట్టి ఊరికే చూశాను. 2014 ప్రాంతంలో నాన్నకి కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఆ ఏడాది పేజీల్లో అక్షరాలు వంకర్లు పోతున్నాయి. తర్వాతి పేజీలో ఉన్నట్టుండి నిటారుగా అయిపోయాయి. 'ళ'కి తోక కొంచెం పొడుగ్గా లాగి రాసే చెయ్యి అది. నా స్కూలు పుస్తకాలకి అట్టలేసి పేరు రాసిపెట్టిన చెయ్యి. అక్కడ్నుంచి చివరిదాకా ఎనిమిదేళ్ళ వరసలన్నీ అక్క రాసినవే. గమనికల్లో మాటలు నాన్నవి, ఆయన చెప్తుంటే రాసినట్టున్నాయి. ఒక్కచోట మాత్రం మాటలు కూడా తనవే: 'నాన్న ఇయ్యొద్దన్నారు. నేనే ఇచ్చిన.' ఆ పుస్తకం నెలన్నరకి తిరిగొచ్చింది.

ఆ వరసలన్నీ నేను నా చేత్తో ఎక్కించాను. చేతిరాత మారిందని గమనించలేదు. ప్రతి వరసలోనూ ఉన్న మనిషి ఏ గడిలోనూ లేదు. నాన్న గీసిన టేబుల్‌లోనూ లేదు, నేను గీసినదాంట్లోనూ లేదు.

ఆ రాత్రి రెండు మైగ్రేషన్లు రాశాను. ఒకటి పుస్తకాల టేబుల్‌లోంచి 'ఓనర్' గడి తీసేసేది. దాని బదులు మనుషులకీ పుస్తకాలకీ మధ్య ఇంకో టేబుల్ వచ్చింది: ఎవరి దగ్గరుంది, ఎప్పట్నుంచి. రెండోది చిట్టా టేబుల్‌కి ఒక గడి చేర్చేది, 'రాసినవారు' అని. దానికి డీఫాల్ట్ పెట్టలేదు. ఖాళీగా ఉంటే వరస ఎక్కదని షరతు పెట్టాను. పాత వరసలన్నిటికీ చేతిరాత చూసి ఒక్కొక్కటే నింపాను. ఇంకో చిన్న పని కూడా చేశాను. ఒక మనిషిని టేబుల్‌లోంచి తీసేస్తే అతనితో ముడిపడ్డ వరసలు ఏం కావాలన్నది మనమే చెప్పాలి. వాటినీ తీసేయమనొచ్చు, గడి ఖాళీ చేయమనొచ్చు, లేదా ఆ వరసలున్నంతకాలం ఆ మనిషిని తీయనివ్వొద్దనొచ్చు. మూడోది పెట్టాను.

అక్కకి మెసేజ్ పెట్టాను, సారీ అని రాసి కొట్టేసి, 'ళకి తోక ఎందుకంత పొడుగు లాగుతావు' అని. పొద్దున రిప్లై వచ్చింది: 'ఇప్పుడు చూసినవా.'

*

మొన్న ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అసమర్థుని జీవయాత్ర దొరికింది. నాన్న దగ్గరున్నదానికన్నా తర్వాతి ముద్రణ అయ్యుండాలి, అట్ట వేరేగా ఉంది. ఆ వారాంతం ఎల్బీనగర్‌లో బస్సెక్కి ఖమ్మం వెళ్ళాను. అక్క చేతిలో పెట్టి, "2005 బాకీ. తిరిగి వచ్చిన తేదీ వేసెయ్" అన్నాను.

తిప్పి చూసింది. లోపలి పేజీలో ఎవరిదో పేరు, ఏదో ఊరు ఉన్నాయి.

"ఇది అది కాదు కదరా. దాంట్లో నాన్న పెన్సిల్‌తో గీతలు గీసిండు. అది రాలేదు. రాలేదనే ఉండనీ."

"మరి దీన్నేం చేద్దాం?"

"ఏముంది, ఇంకో వరస రాయి" అంది. బీరువా తెరిచి, నోట్‌బుక్ తీసి, పెన్ను నా చేతికిచ్చింది.